అమ్మాయికి ఏ ఊరు మంచిది?

"మీదే ఊరమ్మా?" అని ఎవరైనా అడిగితే "శ్రీకాకుళం" అంటాను. "అబ్బో, అంత దూరం నుంచి వచ్చారా!" అంటారు వెంటనే. కాదండీ, ఒడిశా సరిహద్దు దగ్గరున్న శ్రీకాకుళం కాదు, కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డునున్న శ్రీకాకుళం అని విడమరిచి చెప్పాల్సి వస్తుంది. ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు మాది. శ్రీకృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయమన్నది ఇక్కడేనని చెప్పుకుంటాం. ఒకప్పుడు ఇది ఆంధ్రుల రాజధాని అని మా పెద్దవాళ్లు గొప్పగా చెప్పేవాళ్లు. అంత గొప్ప రాజధానిలో ఇప్పుడు చదువుకున్న పిల్లలకు ఉద్యోగాలు లేవు. మా వీధిలో ఒక్క పిల్లో పిల్లాడో బయట ఊళ్లో లేని ఇల్లు కనిపించదంటే నమ్మండి.

నేను పెళ్లయిన దగ్గర్నుంచీ బందరులోనే ఉంటున్నాను. మా అన్నయ్య మాత్రం ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటున్నాడు. 2025 వేసవిలో ఒకరోజు ఫోన్ చేసి "నువ్వొకసారి రామ్మా, ఇంట్లో పంచాయతీగా ఉంది" అన్నాడు. వెళ్లాను. సంగతేమిటంటే, మా మేనకోడలు గుడివాడ దగ్గర ఇంజనీరింగ్ పూర్తిచేసింది. రెండు ఉద్యోగాలొచ్చాయి. హైదరాబాదులో ఒకటి, నెలకు 28,000. బెంగళూరులో ఒకటి, నెలకు 36,000. మా వదిన తమ్ముడు కూకట్‌పల్లిలో ఉంటాడు కాబట్టి హైదరాబాదే వెళ్లాలని అన్నయ్య, వదిన. బెంగళూరే వెళ్తానని పిల్ల. "నువ్వే చెప్పమ్మా, ఆడపిల్లకి ఏ ఊరు మంచిది?" అన్నాడు అన్నయ్య.

నేనేమీ ఆలోచించలేదు. "హైదరాబాదే. మనవాళ్లున్నారుగా" అనేశాను.

మా మేనకోడలు నా వైపు చూసి "నువ్వు కూడానా అత్తా?" అంది.

ఆ ఒక్క మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే 1989లో బందరులో డిగ్రీ పూర్తిచేసినప్పుడు మద్రాసులోని ఒక ప్రైవేటు సంస్థ నుంచి నాకూ ఒక ఉత్తరం వచ్చింది, వచ్చి చేరమని. మా నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివి "మద్రాసులో మనవాళ్లెవరున్నారు?" అన్నారు. ఎవరూ లేరు. అంతటితో ఆ సంగతి ముగిసిపోయింది. తరువాత బందరులోనే ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ బతికాను. దానికి నేను బాధపడను. కానీ ఆ ఉత్తరం ఇప్పటికీ ట్రంకుపెట్టె అడుగునే ఉంది. అలాంటిదాన్ని నేనూ సరిగ్గా మా నాన్నగారి మాటే అన్నాను!

"పది రోజులు టైమివ్వండి, నాలుగు చోట్ల కనుక్కుని చెప్తాను" అని బందరు వచ్చేశాను. ఆ పది రోజుల్లో బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి వెళ్లి ఉద్యోగాలు చేసుకుంటున్న అమ్మాయిలతో మాట్లాడాను. తెలిసినవీ చదివినవీ కలిపి చూసుకున్నాను. అదంతా మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మద్రాసు నుంచి మాదాపూర్ దాకా

మన డెల్టా పిల్లలకు "పట్నం" అనే మాటకు అర్థం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా మనకు పట్నం అంటే మద్రాసే. చదువుకైనా, కోర్టుకైనా, సినిమాకైనా అక్కడికే. గుడివాడ దగ్గర రామాపురంలో పుట్టిన అక్కినేని, చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల, నిమ్మకూరు ఎన్టీఆర్, అందరూ మద్రాసు రైలెక్కినవాళ్లే. మాకు పక్కనే ఉన్న కూచిపూడి నుంచి వెళ్లిన వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిందీ మద్రాసులోనే.

మరి ఆడవాళ్లో? వాళ్లకు దారి అంత సులువుగా దొరకలేదు. దుర్గాబాయమ్మ గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, ఆడపిల్లలను పరీక్షలకు తయారుచేసి, ఉండటానికి చోటు కూడా చూపించాకే ఎంతోమంది తల్లిదండ్రులకు ధైర్యం వచ్చింది. గమనించండి, ఊరు అదే మద్రాసు. ఆడపిల్ల ఉండటానికి చోటు ఏర్పడ్డాకే అది ఆడపిల్లల ఊరు కూడా అయింది.

1956 తరువాత రాజధాని హైదరాబాదైంది. ప్రభుత్వ ఉద్యోగాలు అటు నడిచాయి. మన బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు ప్రధాన కార్యాలయం కూడా హైదరాబాదు చేరింది. ఆ బ్యాంకే 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్ అనే మాట మన పల్లెటూళ్లలో కూడా వినిపించసాగింది. కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట, ఉద్యోగానికి మాదాపూర్. ఇంటింటా ఇదే మాట. బెంగళూరు అప్పటికే కంప్యూటర్లకు పేరు తెచ్చుకుంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక "మన రాజధాని కాని హైదరాబాదుకి ఎందుకు?" అన్నవాళ్లూ లేకపోలేదు. అయినా పిల్లలు వెళ్లడం మానలేదు. ఉద్యోగం ఉన్నచోటికి పిల్లలు పోతారు, రాజధాని ఉన్నచోటికి కాదు.

లెక్కలు ఏమంటున్నాయి?

"ఆడవాళ్లకు మంచి నగరాలు" అంటూ ఈమధ్య జాబితాలు బాగానే వస్తున్నాయి. చెన్నైకి చెందిన అవతార్ సంస్థ 2022కు గాను ఇచ్చిన జాబితాలో పెద్ద నగరాల్లో చెన్నై మొదటి స్థానంలో నిలిచింది. 2024 జాబితాలో ఆ స్థానం బెంగళూరుకు దక్కింది. 2022లోనే పది లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలో తిరుచిరాపల్లి మొదట వచ్చింది. అంటే చిన్న ఊరైనంత మాత్రాన ఉద్యోగినికి పనికిరాదని లేదన్నమాట.

2025 ఆగస్టులో వచ్చిన "నారి" నివేదిక కోసం 31 నగరాల్లో 12,770 మంది మహిళలను అడిగారు. భద్రత విషయంలో ముందు వరుసలో నిలిచిన నగరాల్లో మన విశాఖపట్నం ఉంది. చదివి సంతోషించాను. కానీ అదే నివేదికలో ఇంకో రెండు సంగతులున్నాయి. 2024లో బహిరంగ ప్రదేశాల్లో వేధింపులు ఎదుర్కొన్నామని 100కి ఏడుగురు చెప్పారు. 24 ఏళ్ల లోపు అమ్మాయిల్లోనైతే 14 మంది. అంటే ఉద్యోగంలో కొత్తగా చేరే వయసు పిల్లలకు ఆ బెడద రెట్టింపు. ఇక పనిచేసే చోట వేధింపులపై ఫిర్యాదు చేసే ఏర్పాటు తమ ఆఫీసులో ఉందో లేదో తెలియదన్నవాళ్లు 100కి 53 మంది!

కేంద్ర ప్రభుత్వ సర్వే చూస్తే, మనదేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు 2017-18లో 100కి 23 మంది ఉండగా 2023-24 నాటికి 42 మంది దాకా పెరిగారు. అయితే ఆ పెరుగుదల ఎక్కువగా పల్లెల్లోనే. పట్టణాల్లో 28 మందే. ఇన్ని భవంతులు, ఇన్ని ఆఫీసులు ఉన్న పట్నాల్లో పల్లెల కంటే తక్కువమంది పనిలో ఉన్నారంటే కారణం ఏమై ఉంటుంది? పట్నంలో పని ఇంటి పక్కన ఉండదు. వెళ్లాలి, రావాలి, ఉండాలి. ఈ మూడూ కుదరకపోతే ఎంత గొప్ప నగరమైనా మనకు లేనట్టే.

ఒక్కో అమ్మాయికి ఒక్కో ఊరు

జాబితాలు అందరికీ కలిపి ఒకే ఊరి పేరు చెబుతాయి. నేను మాట్లాడిన అమ్మాయిలు మాత్రం తలా ఒక ఊరు చెప్పారు. ఎవరి కారణం వాళ్లది.

గిలకలదిండిలో చేపల వేటకు వెళ్లే కుటుంబంలోని ఒక అమ్మాయి నర్సింగ్ చదివి చెన్నైలో చేస్తోంది. "హైదరాబాదులో జీతం కాస్త ఎక్కువే ఇస్తామన్నారు ఆంటీ. కానీ రాత్రి రెండింటికి డ్యూటీ దిగితే హాస్టల్‌కి ఎలా వెళ్లాలి? ఇక్కడ ఆస్పత్రి ఆవరణలోనే గది" అంది. పైగా అక్కడ సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, 2021 నుంచి. జర్మనీ వెళ్లాలని సాయంత్రాలు ఆ భాష నేర్చుకుంటోంది. తనకు చెన్నై చివరి ఊరు కాదు, మధ్యలో ఎక్కిన మెట్టు.

బందరులోని ఒక ముస్లిం కుటుంబం అమ్మాయి అకౌంట్స్ చదివి హైదరాబాదులో ఉంటోంది. తనకు అక్కడ నచ్చినదేమిటో అడిగాను. "బురఖా వేసుకున్నా, వేసుకోకపోయినా ఎవరూ తిరిగి చూడరు. తిండికి ఇబ్బంది లేదు" అంది. అదే అమ్మాయి, స్నేహితురాళ్లతో కలిసి ఇల్లు అద్దెకు చూసుకున్నప్పుడు మాత్రం మూడు చోట్ల పేరు వినగానే "ఇల్లు ఇచ్చేశామమ్మా" అన్నారట. లంక గ్రామం నుంచి వెళ్లి కాలేజీలో పాఠాలు చెబుతున్న ఒక దళిత అమ్మాయి కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. "ఊళ్లో మా ఇల్లు ఎటువైపు ఉందో అందరికీ తెలుసు. పట్నంలో తెలియదు. ఆ హాయి కోసమే వచ్చాను. కానీ ఇంటి ఓనర్లు 'మీరేమిట్లు?' అని ఇక్కడా అడుగుతారు. అడగని చోటు లేడీస్ హాస్టలే. డబ్బు కడితే చాలు, మంచం ఇస్తారు." హాస్టల్ అంటే మనం పప్పు నీళ్లగా ఉంటుందనే ఆలోచిస్తాం. అందులో ఇంకో గుణం కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

గుడివాడ అమ్మాయి ఒకరు బెజవాడలో బట్టల షోరూములో పని. ఇంటర్ చదివింది. "మీకు బెంగళూరు, హైదరాబాదు. మాకు బెజవాడే బెంగళూరు" అని నవ్వింది. వచ్చే జీతంలో నాలుగో వంతు బస్సుకే పోయేదట. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ డబ్బుతో నెలనెలా చీటీ కడుతోంది. అయితే ఆమెకు ఊరి కంటే ముఖ్యం గడియారం. షాపు తొమ్మిదింటికి కట్టేస్తే, చివరి బస్సు దొరుకుతుందా లేదా? ఏ సర్వేలోనూ ఈ ప్రశ్న నాకు కనపడలేదు.

ఇక్కడో చిన్న సంగతి. ఉచిత బస్సు కర్ణాటకలో 2023 జూన్ నుంచి, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఉంది. కానీ అవి ఆ రాష్ట్రాల వాళ్లకే. కృష్ణా జిల్లా ఆధార్ కార్డు పట్టుకెళ్లిన మన పిల్ల హైదరాబాదులో, బెంగళూరులో టికెట్ కొనుక్కోవాల్సిందే. పక్క సీటామె ఉచితంగా వెళ్తుంటే మనం డబ్బులు తీయడం, పరాయి ఊరన్న సంగతిని రోజూ గుర్తుచేస్తుందని ఒకమ్మాయి అంది.

ఇక టీచరు కావాలనుకునే వాళ్ల సంగతి విచిత్రం. అనంతపురం నుంచి, ఉత్తరాంధ్ర నుంచి కూడా వాళ్లు బయలుదేరి వచ్చేది మన అవనిగడ్డకే! డీఎస్సీ శిక్షణకు దివిసీమలోని ఆ చిన్న ఊరికి రాష్ట్రమంతా పేరు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించినప్పుడు అక్కడ గది దొరకడం గగనమైంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో సర్వం పోగొట్టుకున్న సీమ అది. ఇప్పుడు ఇళ్లవాళ్లు గదులు కట్టి అద్దెకిస్తున్నారు, ఆడవాళ్లు మెస్సులు నడుపుతున్నారు. మెట్రో లేదు, మాల్ లేదు. మరెందుకు వస్తున్నారు? చదువు చెప్పేవాళ్లున్నారు, తక్కువలో గది ఉంది, తనలాంటి పిల్లలు వందలమంది ఉన్నారు. ఒక ఊరు ఆడపిల్లను ఆకర్షించడానికి అంతకంటే ఏం కావాలి?

"మనవాళ్లున్న ఊరు"

ఇక అసలు సంగతికి వస్తాను. మా అన్నయ్య వాదనంతా "మనవాళ్లున్నారు" అనే మాట మీదే నిలబడింది. నేను మాట్లాడినవాళ్లలో ఇద్దరు అలా చుట్టాలింట్లో ఉండి ఉద్యోగం చేసినవాళ్లే. ఒకామెకు పిన్ని ఇల్లు పుట్టిల్లులాగే ఉంది. టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు పిన్నే చూసుకుందని కళ్లనీళ్లు పెట్టుకుంది. రెండో ఆమె కథ వేరు. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి వచ్చి అంట్లు తోమాలి. ఆదివారం చుట్టాలొస్తే వంట తనదే. పది నిమిషాలు ఆలస్యమైతే ఊళ్లో నాన్నకు ఫోన్ వెళ్లేది. ఆఫీసువాళ్లతో టీ తాగినా కబురు చేరేది. ఏడు నెలలకు ఉద్యోగం మానేసి వచ్చేసింది. "ఊరు పడలేదట" అని ఇక్కడ అందరూ అనుకున్నారు. పడనిది ఊరు కాదు.

అలాగని చుట్టాలను తప్పుపట్టడం లేదు. రెండు గదుల ఇంట్లో ఇంకొకరి ఆడపిల్లను పెట్టుకోవడం వాళ్లకూ బరువే. పైగా "ఏదైనా జరిగితే మాట మాకొస్తుంది" అనే భయం. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం తరువాత ఏ తల్లికి నిద్రపట్టింది? హైదరాబాదులో 2014 నుంచి షీ టీములున్నాయి. అయినా ఘోరాలు జరిగాయి. ఏ ఊరికీ పూచీ ఎవరూ ఇవ్వలేరు. అందుకే అంటున్నాను, "మనవాళ్లుండటం" వేరు, "మనవాళ్లింట్లో ఉండటం" వేరు. దగ్గర్లో హాస్టల్‌లో ఉండి, ఆపద వస్తే అరగంటలో చేరగలిగేంత దూరంలో ఒక పిన్నో బాబాయో ఉంటే రెండు పక్షాలకూ మర్యాద దక్కుతుంది.

జీతం ఎంత అని కాదు, మిగిలేదెంత?

మా మేనకోడలి ముందు కాగితం పెట్టి లెక్క వేశాం. హైదరాబాదు 28,000లో హాస్టల్‌కు 9,000, రాకపోకలకు 2,500, చేతిఖర్చులకు 4,000 తీసేస్తే 12,500 మిగులుతుంది. బెంగళూరు 36,000లో అక్కడివాళ్లు పీజీ అనే హాస్టల్‌కు 14,000, రాకపోకలకు 3,500, చేతిఖర్చులకు 5,000 పోతే 13,500. మొదట 8,000గా కనిపించిన తేడా చివరికి 1,000కి దిగింది! ఇంటికి రావడానికి అయ్యే ఖర్చు కలిపితే అదీ లేదు. బందరు నుంచి యశ్వంతపూర్‌కు కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది కానీ రోజూ ఉండదు. పండగలకు ప్రైవేటు బస్సువాళ్లు ఎంత చెబితే అంత. విడిగా ఇల్లు తీసుకోవాలంటే బెంగళూరులో కొన్ని నెలల అద్దె ముందుగా అడ్వాన్సు కట్టాలి. 2024 ఎండాకాలంలో అక్కడ నీళ్లకు ఎంత కటకటైందో అందరం టీవీలో చూశాం. దూరపు కొండలు నునుపు!

ఇంతలో మా పక్కింటామె అందుకుంది. "మా కోడలు గన్నవరం దగ్గర కంప్యూటర్ కంపెనీలో చేస్తోంది. 20,000 ఇస్తున్నారు. ఇంట్లోంచే వెళ్తుంది, 16,000 మిగులుతుంది" అని. నిజమే. కేసరపల్లిలో హెచ్‌సీఎల్ వచ్చాక గుడివాడ, బెజవాడ పిల్లలకు ఆ అవకాశం వచ్చింది. విశాఖలో 2023లో ఇన్ఫోసిస్ తెరిచింది. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చింది. మన బందరు పోర్టు పనులు 2023 మేలో మొదలయ్యాయి. దగ్గర్లోనే ఉద్యోగం దొరికితే అంతకంటే ఏం కావాలి? కానీ పక్కింటామె కోడలిని విడిగా అడిగితే, "పొద్దున నాలుగున్నరకు లేచి అందరికీ వండి వెళ్తానండీ. ఆ 16,000 మిగిలేది అందుకే" అంది. ఆ లెక్క కూడా కాగితం మీద వేసుకోవాలి కదా!

మేం అడగని ప్రశ్న

పదో రోజున శ్రీకాకుళం వెళ్లాను. చుట్టాల గురించి, జీతం గురించి, రైళ్ల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. చివరికి నాకే అనుమానం వచ్చి "ఇంతకీ అక్కడ నీ పనేమిటే?" అని మేనకోడలిని అడిగాను.

అందరం నిశ్శబ్దమయ్యాం. ఆ ప్రశ్న అప్పటిదాకా ఎవరూ అడగలేదు! వాళ్ల అన్నకు మూడేళ్ల క్రితం పుణెలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అన్నయ్య అడిగిన మొదటి మాట "ఏం పని రా?" అని. కూతురి విషయంలో మొదటి మాట "అక్కడ మనవాళ్లెవరున్నారు?" అని. మగపిల్లాడికి పనిని బట్టి ఊరు. ఆడపిల్లకు ఊరును బట్టి పని.

పిల్ల చెప్పింది. తను చదివింది ఎలక్ట్రానిక్స్. హైదరాబాదు ఉద్యోగం తన చదువుకు సంబంధంలేనిది, ఎవరో రాసిన ప్రోగ్రాములను పరీక్షించడం. బెంగళూరుది చిప్‌ల తయారీకి నమూనాలు గీసే పని, నాలుగేళ్లు చదివిన చదువుకు దగ్గరది. "రెండేళ్లు చేస్తే ఆ పని ఎక్కడున్నా నన్ను తీసుకుంటారు అత్తా. హైదరాబాదులోనూ అలాంటి కంపెనీలున్నాయి, అప్పుడు వచ్చేస్తాను" అంది. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదే అంటే, "ఎవరు అడిగారు?" అంది.

వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

ఏ ఊరు అనేది తేలాక, ఈ సంగతులు అడగమని మా వదినకు రాసిచ్చాను. మీరూ రాసుకోండి.

నియామక పత్రం చేతికి వచ్చిందా, అందులో జీతం, పనివేళలు స్పష్టంగా ఉన్నాయా చూడాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. రాత్రి డ్యూటీ వేయాలంటే అమ్మాయి ఒప్పుకోవాలి, భద్రత ఏర్పాట్లు యాజమాన్యమే చూడాలి. ఆఫీసు బండి ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా అన్నది ముందే అడగాలి.

పదిమంది, అంతకుమించి పనిచేసే ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. చేరిన వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో, ఎవరికి రాయాలో తెలుసుకోవాలి. పదిమంది లోపు ఉండే షాపులు, చిన్న ఆఫీసుల వాళ్లు జిల్లా స్థాయిలో ఉండే కమిటీకి చెప్పుకోవచ్చు. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. ఇది షోరూము అమ్మాయికీ వర్తిస్తుంది, సాఫ్ట్‌వేర్ అమ్మాయికీ వర్తిస్తుంది.

హాస్టల్‌ను ఫొటోల్లో చూసి డబ్బు పంపవద్దు. ఒకసారి వెళ్లి, సాయంత్రం చీకటిపడ్డాక బస్టాపు నుంచి గుమ్మం దాకా నడిచి చూడండి. దీపాలున్నాయా, షాపులు తెరిచి ఉన్నాయా, ఆడవాళ్లు తిరుగుతున్నారా? వర్షాలకు ఆ వీధి మునుగుతుందా అని కూడా అడగండి. 2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ ఎలా మునిగాయో చూశాం కదా. మన దివిసీమ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్ల పేరుమీద బ్యాంకులో రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు విడిగా ఉండాలి. ఉద్యోగం నచ్చకపోయినా, హాస్టల్ నచ్చకపోయినా, ఎవరినీ అడగకుండా రైలెక్కి రాగలగాలి. తిరిగి రాగలనన్న ధీమా ఉన్న పిల్ల ఎక్కడైనా నిలదొక్కుకుంటుంది. "వెళ్లావుగా, ఇక నీ ఖర్మ" అని పంపిన పిల్ల కష్టం వచ్చినా నోరు విప్పదు.

మా మేనకోడలు బెంగళూరు వెళ్లింది. 2026 సంక్రాంతికి వచ్చింది. ట్రాఫిక్ అని, పీజీ సాంబారులో బెల్లం వేస్తారని, చలి అని ఒకటే ఫిర్యాదులు. పని గురించి అడిగితే మాత్రం ముఖం వెలిగిపోయింది. మాకు అర్థమయ్యీ కాని మాటలతో అరగంట చెప్పింది. మా అన్నయ్య అంతా విని "బాగానే ఉన్నట్టుందమ్మా" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు.

కనుమ మర్నాడు బందరులో మా ఇంటికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టె తీసి ఆ 1989 నాటి ఉత్తరం చూపించాను. మడతల దగ్గర చిరిగింది. జాగ్రత్తగా చదివి, "ఏం పని అత్తా అది?" అంది.

ముప్పై ఆరేళ్లలో ఆ మాట నన్ను అడిగినవాళ్లు లేరు. అది లెక్కల విభాగంలో పని. ఓడల్లో వచ్చే సరుకు బిల్లులు సరిచూడటం. పోర్టు ఉన్న ఊళ్లో చదువుకున్న నాకు అది ఎంతో ఇష్టమైన పనై ఉండేదని దానికి చెప్పాను.

మీ ఇంట్లో ఆడపిల్లకు ఉద్యోగం ఉత్తరం వస్తే, "అక్కడ మనవాళ్లెవరున్నారు?" అని తప్పకుండా అడగండి. అడగాల్సిందే. కానీ అది రెండో ప్రశ్నగా అడగండి.